చోటు మారితే కథ మారాలి

కొత్తగా రాస్తున్నవాళ్లు తమ కథలు పంపి అభిప్రాయం అడుగుతుంటారు. ప్రతి కథకూ నేనొక పరీక్ష పెడతాను. అనకాపల్లిలో జరిగిందని రాసిన కథను తీసుకెళ్లి ఆదిలాబాద్‌లో పెట్టి చూస్తాను. ఒక్క వాక్యం కూడా కదలకుండా అక్కడా నిలబడిందంటే, ఆ కథలో ఊరి పేరుందే తప్ప ఊరు లేదు.

కథలో స్థలం అనగానే చాలామందికి వర్ణన గుర్తొస్తుంది. కాలవ గట్టు, కొబ్బరి తోట, పొద్దుగూకే ఆకాశం. చదవడానికి అవన్నీ బాగుంటాయి. కానీ స్థలం చేసే అసలు పని వేరే ఉంది. ఆ చోట ఆ మనిషి ఏం చేయగలడో, ఏం చేయలేడో తేల్చేది అదే. ఆ చేయలేనితనం దగ్గరే కథ పుడుతుంది.

ఈ మాట చెప్పినప్పుడల్లా నాకు ఇద్దరు ముసలివాళ్లు గుర్తొస్తారు. ఒకాయన హెమింగ్వే 1952లో ప్రచురించిన ‘ది ఓల్డ్ మాన్ అండ్ ద సీ’లోని క్యూబా జాలరి శాంటియాగో. 84 రోజులుగా ఒక్క చేపా పడలేదు కాబట్టి అందరూ వేటాడే చోటు దాటి దూరం పోతాడు. పడిన చేప 18 అడుగులు, పడవకంటే రెండడుగులు పెద్దది. లోపలికి ఎక్కించలేడు, పక్కన కట్టుకుని రావాలి. దాని నెత్తురు నీళ్లలో కలుస్తుంది, ఆ వాసనకు సొరచేపలు వస్తాయి. తీరం దూరం గనుక తినడానికి వాటికి కావలసినంత సమయం దొరుకుతుంది. ఇందులో విలన్ ఎవరూ లేరు. దూరం, పడవ కొలత, నీళ్లలో నెత్తురు, ఈ మూడే కథ నడిపాయి. ఆయన స్వభావమూ సముద్రంలోనే బయటపడింది. తోడొచ్చే కుర్రాణ్ని తల్లిదండ్రులు వేరే పడవకు పంపేశారు. అందుకే పిట్టతో, చేపతో, చివరికి తిమ్మిరెక్కిన తన చేత్తో కూడా మాట్లాడతాడు.

రెండో ఆయన కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’ నవలలోని పందుల కాపరి. చూడి పంది సాయంత్రం మందతో తిరిగి రాలేదు. ఈటె పట్టుకుని అడవిలోకి వెళ్తాడు. అది అక్కడే ఈనింది. గుడిసె దగ్గర ఈని ఉంటే చెప్పడానికి కథే లేదు. అడవిలో ఈనింది గనుక, పెంచిన చెయ్యి కూడా దానికి శత్రువు చెయ్యే అయింది. దగ్గరికి వెళ్తే మీద పడుతుంది, వదిలి వెళ్తే పిల్లల్ని అడవి జంతువులు తింటాయి. ఈ రెంటి మధ్య ఆయన రాత్రి గడపాలి.

ఈ రెండు నవలల్నీ పోల్చి మాట్లాడటం మనకు అలవాటు. ఇద్దరూ ఒంటరివాళ్లు, ఇద్దరూ మొండివాళ్లు. అయినా ఒకాయన తన జీవాన్ని దగ్గరికి లాక్కోవాలి, రెండో ఆయన తన జీవానికి దూరంగా నిలబడి కాపలా కాయాలి. మొండితనం ఒకటే, దానికి పని చెప్పిన చోట్లు వేరు.

స్థలమంటే నీళ్లూ చెట్లూ మాత్రమే అనుకోకూడదు. మనుషుల మధ్య ఉండే కట్టుబాటు కూడా స్థలమే. కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’లో అప్పల్రాముడి అప్పు సంగతి సుందరపాలెంలో ఊరందరి ముందూ తేలుతుంది. పట్నంలో బాకీపడ్డవాడు ఇల్లు మార్చేయగలడు. తాతల నాటి సంగతులు కూడా అందరికీ తెలిసిన ఊళ్లో ఆ దారి లేదు. అంతమంది ఎదుట అప్పు ఒప్పుకున్న కుటుంబం ముందు ఇక మిగిలిందేమిటి? కొడుకు సీతారాముడు చేసిన దారుణం ఆ ప్రశ్నలోంచే వస్తుంది.

అందుకే నేను కథకు కూర్చునే ముందు ఊరి గురించి కొన్ని సంగతులు రాసి పెట్టుకుంటాను. ఆఖరి బస్సు ఎన్నింటికి? మంచినీళ్లు ఎవరి గేటు ముందు నుంచి తెచ్చుకోవాలి? ఏ ఇంట్లో ఎవరు కుర్చీలో కూర్చుంటారు, ఎవరు గడప దగ్గరే నిలబడతారు? ఆఖరి బస్సు ఏడింటికే వెళ్లిపోయే ఊళ్లో రాత్రి తొమ్మిదింటికి ఒకామెకు నొప్పులొచ్చాయనుకోండి. ట్రాక్టరున్న ఇల్లు ఒక్కటే, వాళ్లతో మాటలు లేవు. భర్త ఆ తలుపు తడతాడా? అతనెలాంటివాడో అక్కడే తెలిసిపోతుంది. అదే జంట ఆసుపత్రి పక్క వీధిలో ఉంటే మనం వేరే కథ రాయాలి. హైదరాబాద్ అపార్ట్‌మెంట్ కథకైనా ఇంతే. పనిమనిషి ఏ లిఫ్టు ఎక్కాలో రాసి పెట్టిన బోర్డు ఒక్కటి చాలు, ఆ భవనంలో ఎవరు ఎవరితో ఎలా మాట్లాడతారో చెప్పడానికి.

రాయబోయే మిత్రులకు నా విన్నపం ఇదే. మీ కథ జరిగే ఊరికి ముందు ఒకసారి వెళ్లి రండి. అక్కడ ఏది అందంగా ఉందో తర్వాత రాసుకోవచ్చు. అక్కడ మీ మనిషి చేయలేని పని ఏమిటో ముందు కనుక్కోండి. కథ అక్కడి నుంచి మొదలుపెట్టండి.