దర్శనాల్లో మృగాలు

దానియేలు గ్రంథం ఎనిమిదో అధ్యాయంలో ఒక పొట్టేలు, ఒక మేకపోతు తలపడతాయి. పొట్టేలుకు రెండు కొమ్ములు. వెనక మొలిచినది ముందుదానికన్నా పొడుగు. పడమటి నుంచి కాలు నేలకు తగలకుండా దూసుకొచ్చిన మేకపోతుకు రెండు కళ్ల నడుమ ఒకే పెద్ద కొమ్ము. అది పొట్టేలును కుమ్మి, పడదోసి, తొక్కేస్తుంది. బాగా బలిసిన వేళకే దాని కొమ్ము విరిగి, ఆ చోట నాలుగు కొమ్ములు మొలుస్తాయి. చూసినవాడు తెల్లబోయి నిలబడితే గబ్రియేలు దూత అర్థం విడమరిచి చెబుతాడు. పొట్టేలు మాదీయుల, పారసీకుల రాజ్యం. మేకపోతు గ్రీకు రాజ్యం. పెద్ద కొమ్ము దాని మొదటి రాజు. రాజు పేరు గ్రంథంలో లేదు గానీ గుర్తుపట్టడం కష్టం కాదు. క్రీ.పూ. 331లో గాగమేల దగ్గర పారసీక చక్రవర్తిని ఓడించి, క్రీ.పూ. 323లో బబులోనులో ముప్పై మూడేళ్లు నిండకుండానే కన్నుమూసిన అలెగ్జాండర్ అతను. అతని సామ్రాజ్యాన్ని సేనానులు పంచుకున్నారు.

బైబిలులో కనిపించే వింత జీవులను అర్థం చేసుకునే పని ఇక్కడ మొదలైతే దారి తప్పదు. బొమ్మా, దాని అర్థమూ ఒకే అధ్యాయంలో దొరుకుతాయి. మృగం అంటే రాజ్యం. కొమ్ము అంటే బలం, ఆ బలాన్ని చేతబట్టిన రాజు. కీర్తనల్లోనూ ప్రవక్తల మాటల్లోనూ కొమ్ము బలానికే గుర్తు. దర్శనం చెప్పినవాడు తన శ్రోతలకు ముందే తెలిసిన బొమ్మలను తీసుకుని కొత్త వరసలో పేర్చాడు.

ఏడో అధ్యాయం మరింత భయానకం. గాలులు చెలరేగిన సముద్రంలోంచి నాలుగు మృగాలు ఒకదాని వెనక ఒకటి పైకొస్తాయి. గద్ద రెక్కల సింహం, నోట మూడు పక్కటెముకలు కరుచుకున్న ఎలుగుబంటి, నాలుగు తలలూ నాలుగు రెక్కలూ ఉన్న చిరుతపులి, చివరగా ఏ జంతువుతోనూ పోలిక చెప్పలేని, ఇనుప పళ్లూ పది కొమ్ములూ ఉన్న నాలుగోది. చెరపట్టి బబులోనుకు తీసుకుపోయిన యూదులు ఇలాంటి మృగాల బొమ్మల మధ్యే బతికారు. బబులోను రాజు నెబుకద్నెజరు నగరంలో ఊరేగింపు దారి పొడవునా గోడల మీద రంగుల ఇటుకలతో తీర్చిన సింహాలుండేవి. ఇష్తార్ ద్వారం మీద ఎద్దులు, పాము తలతో ముష్‌హుష్షు అనే సర్పమృగం ఉండేవి. వాటిలో చాలా భాగం ఇప్పుడు బెర్లిన్‌లోని పెర్గమాన్ మ్యూజియంలో ఉంది. రాజ్యం తన గొప్ప చాటుకోవడానికి గోడకెక్కించిన మృగాన్నే దర్శనం ఆ రాజ్యపు అసలు స్వభావంగా చూపిస్తుంది.

నాలుగు మృగాల తర్వాత ఐదో రాజ్యం వస్తుంది. దాన్ని మహావృద్ధుడి, అంటే దేవుడి, చేతుల మీదుగా అందుకునేవాడు మనుష్యకుమారుని పోలిన ఒకడు. ఈ ఎదురుబొదురు పెట్టడంలోనే అధ్యాయమంతటి అర్థం ఉంది. సింహం రెక్కలు పీకేసి, రెండు కాళ్ల మీద నిలబెట్టి, మనిషి మనసు ఇచ్చారనే చిన్న వాక్యమూ ఇక్కడే ఉంది. నాలుగో అధ్యాయంలో గర్వించిన నెబుకద్నెజరు ఎద్దులా గడ్డి మేస్తాడు. ఆకాశం వైపు కళ్లెత్తాకే బుద్ధి తిరిగొస్తుంది. దేవుణ్ణి మరిచిన అధికారం మృగమవుతుంది, దేవుని ఎదుట తలవంచిన అధికారం మనిషి రూపం దాలుస్తుంది. ఏ మృగం ఏ రాజ్యమన్న లెక్క దీని తర్వాతి సంగతి.

ఆ లెక్కలో పండితులకు ఏకాభిప్రాయం లేదు. సంప్రదాయ క్రైస్తవ వ్యాఖ్యానంలో బబులోను, మాదీయ పారసీకం, గ్రీకు, రోము అనేది వరస. ఆధునిక పండితుల్లో ఎక్కువమంది బబులోను, మాదీయ, పారసీక, గ్రీకు రాజ్యాలని చెబుతారు. వాళ్ల దృష్టిలో నాలుగో మృగం తల మీద గొప్పలు పలికే చిన్న కొమ్ము, క్రీ.పూ. 167లో యెరూషలేము ఆలయాన్ని అపవిత్రం చేసిన సిరియా రాజు నాలుగో ఆంటియోకస్. ఏ వరస ఒప్పుకున్నా మృగానికి అర్థం మారదు.

దానియేలు మృగాలు ప్రకటన గ్రంథంలో మళ్లీ లేస్తాయి. పత్మాసు ద్వీపంలో ఉన్న యోహాను ఆసియా అనే రోమన్ రాష్ట్రంలోని ఏడు సంఘాలకు రాసిన ఉత్తరం అది. డొమిషియన్ చక్రవర్తి పాలన చివరి రోజుల్లో, అంటే క్రీ.శ. 95 ప్రాంతంలో, ఈ దర్శనం కలిగిందని రెండో శతాబ్దపు ఐరేనియస్ చెప్పాడు. ఎఫెసు, స్ముర్న, పెర్గము నగరాల్లో చక్రవర్తులను కొలిచే గుళ్లున్నాయి. పెర్గములో మొదటి గుడికి క్రీ.పూ. 29లోనే అనుమతి దొరికింది. ఆ పూజలో పాల్గొనని క్రైస్తవుడు పండగల్లో, వృత్తి సంఘాల విందుల్లో వేరుగా నిలబడాలి. ఉత్తరం చదివి వినిపిస్తుంటే విన్నవాళ్లు వీళ్లు. వాళ్లకు అర్థం కాని మాట ఆ గ్రంథానికి అర్థమని చెప్పే ఏ వ్యాఖ్యానాన్నైనా అనుమానించాలి.

పదమూడో అధ్యాయంలో సముద్రంలోంచి లేచిన మృగానికి చిరుతపులి ఒళ్లు, ఎలుగుబంటి పాదాలు, సింహం నోరు. దానియేలు చూసిన మృగాలన్నీ ఒకే శరీరంలోకి చేరాయి. దాని ఏడు తలలు, పది కొమ్ముల లెక్క కూడా అక్కడిదే: సింహానికి, ఎలుగుబంటికి, నాలుగోదానికి ఒక్కో తల, చిరుతపులికి నాలుగు, వెరసి ఏడు, కొమ్ములు నాలుగోదాని పది. వెనకటి సామ్రాజ్యాల క్రౌర్యమంతా పోగుపడి తమ ఎదుట నిలిచిందని తొలి శ్రోతలు గ్రహించి ఉంటారు. పదిహేడో అధ్యాయంలో ఏడు తలలంటే ఏడు కొండలని దూతే చెబుతాడు. ఏడు కొండల మీద రోమా దేవత కూర్చున్న నాణేన్ని వెస్పాసియన్ చక్రవర్తి క్రీ.శ. 71లో ముద్రించాడు. అలాంటి రోము బొమ్మ ఎరిగినవారికి వేరే వివరణ అక్కర్లేదు.

ఎక్కువ గాలిమాటలు పుట్టింది 666 అనే సంఖ్య మీద. ఆనాటి హీబ్రూ, గ్రీకు లిపుల్లో అక్షరాలే అంకెలు. పేరులోని అక్షరాల విలువలు కూడి పేరుకు బదులు సంఖ్య చెప్పడం మామూలు. నీరో కైసరు పేరును గ్రీకు ఉచ్చారణలో హీబ్రూ అక్షరాలతో రాస్తే 666 వస్తుంది. లాటిన్ పలుకుబడిని అనుసరించి చివరి నకారం తీసేస్తే 616. కొన్ని పాత ప్రతుల్లో సరిగ్గా 616 అనే ఉంది. క్రీ.శ. 64లో రోము తగలబడ్డాక క్రైస్తవులను చిత్రహింసలు పెట్టి చంపించిన చక్రవర్తి నీరో. అందుకే పండితుల్లో చాలామంది ఈ జవాబు వైపు మొగ్గుతారు. 616 పాఠం ఐరేనియస్‌కు కూడా తెలుసు. అది తప్పని తోసిపుచ్చాడు. తనూ రెండు మూడు పేర్లు వేసి చూసి, ఊహించి పేరు ప్రకటించడం కన్నా ఆగడమే క్షేమమని హెచ్చరించాడు. ఆ హెచ్చరిక విన్నవాళ్లు తక్కువ.

పన్నెండో శతాబ్దపు ఇటలీ సన్యాసి, ఫియోరె మఠాధిపతి జోకిమ్, ప్రకటన గ్రంథంలోని ఘటసర్పపు ఆరో తల సలాదీన్ అన్నాడు. అవి సలాదీన్ యెరూషలేమును గెలుచుకున్న రోజులు. 1522 సెప్టెంబరులో వెలువడిన మార్టిన్ లూథర్ కొత్త నిబంధన అనువాదంలో, మృగం మీద కూర్చున్న స్త్రీ తలకు చిత్రకారుడు క్రానాక్ పోపు మూడంచెల కిరీటం పెట్టాడు. నిరసన రావడంతో డిసెంబరు ముద్రణలో దాన్ని మామూలు కిరీటంగా మార్చారు. నెపోలియన్ కాలంలో అతని పేరు అక్షరాలు కూడిన వాళ్లున్నారు; టాల్‌స్టాయ్ ‘యుద్ధము–శాంతి’లో పియెర్ పాత్ర ఆ పనే చేస్తుంది. సరుకుల మీద బార్‌కోడ్ వచ్చాక అదే మృగం ముద్ర అన్నవాళ్లూ ఉన్నారు. ప్రతి తరం తన శత్రువునే మృగంలో చూసింది. వాక్యాన్ని ప్రేమించి ఇలా చేసినవాళ్లు కూడా వాక్యానికి చేసింది అపకారమే. భయపడుతున్న సంఘాలకు ధైర్యం చెప్పడానికి రాసిన ఉత్తరం, ఇంకొకరిని భయపెట్టే సాధనమైపోయింది.

తొమ్మిదో అధ్యాయంలో అగాధంలోంచి వచ్చే మిడతలదీ ఇదే కథ. మనుషుల ముఖాలు, స్త్రీల జుట్టు, సింహపు కోరలు, తేలు తోకలు. 1970ల అమెరికాలో కొందరు రచయితలు వీటిని యుద్ధ హెలికాప్టర్లన్నారు. యోవేలు గ్రంథంలో పంటను మింగిన మిడతల దండుకు సింహపు కోరలున్నాయి, గుర్రాల రూపముంది, రథాల చప్పుడుంది. దాని వెనక నిర్గమకాండంలోని ఐగుప్తు మిడతలున్నాయి. పాత గ్రంథాలు తెరిస్తే దొరికే అర్థానికి ఆయుధాల కేటలాగు అక్కర్లేదు.

ప్రకటన గ్రంథం జంతువులన్నిటిలో ముఖ్యమైనది ఐదో అధ్యాయంలో ఉంది. యూదా గోత్రపు సింహం గెలిచిందని పెద్దల్లో ఒకరు చెప్పగా యోహాను వింటాడు. తలెత్తి చూస్తే కనిపించేది, వధించినట్టున్న గొర్రెపిల్ల. దానికి ఏడు కొమ్ములు, ఏడు కళ్లు. అంటే నిండు బలం, నిండు చూపు. సింహం పేరు చెప్పి గొర్రెపిల్లను చూపడం ఈ గ్రంథం చేసిన అతి సాహసమైన పని. క్రీస్తును సింహంగా చెప్పింది ఇక్కడొక్కసారే. గొర్రెపిల్లగా చెప్పింది 28 సార్లు. పస్కా గొర్రె, యెషయా చెప్పిన, వధకు తీసుకుపోతున్నా నోరు తెరవని గొర్రె, రెండూ ఇందులో ఉన్నాయి. నేలలోంచి వచ్చే రెండో మృగానికి గొర్రెపిల్ల కొమ్ముల్లాంటివి రెండుండి, మాట మాత్రం ఘటసర్పం మాట కావడానికి కారణమూ ఇదే. మొదటి మృగానికి జనం చేత మొక్కించే ఆ రెండోది గొర్రెపిల్లకు నకలు. పైరూపం చూసి మోసపోకుండా మాటను వినమని ఆ బొమ్మ చెబుతుంది.

యెహెజ్కేలు చూసిన నాలుగు జీవులు వేరే జాతివి. క్రీ.పూ. 593 ప్రాంతంలో, చెరలో, కెబారు నది ఒడ్డున ఈ యాజకుడు చూసిన ఒక్కో జీవికి నాలుగేసి ముఖాలు: మనిషి, సింహం, ఎద్దు, గద్ద. పక్కన కళ్లు నిండిన చక్రాలు. అస్సీరియా రాజప్రాసాదాల గుమ్మాల దగ్గర మనిషి తల, ఎద్దు ఒళ్లు, గద్ద రెక్కలతో కాపలా నిలిపిన విగ్రహాలు ఇప్పుడు లండన్, పారిస్ మ్యూజియాల్లో ఉన్నాయి; బొమ్మల కుటుంబం ఒక్కటే. మృగాల్లో సింహం, సాధుజంతువుల్లో ఎద్దు, పక్షుల్లో గద్ద, అన్నిటి మీద మనిషి శ్రేష్ఠమనీ, సృష్టి అంతా సింహాసనాన్ని మోస్తోందనీ యూదు రబ్బీలు వివరించారు. చక్రాలకు అర్థం ఇంకా సూటిగా ఉంది. దేవుని సింహాసనం యెరూషలేము ఆలయంలో పాతుకుపోయి లేదు. చెరపట్టిన ప్రజల వెంట బబులోనుకూ రాగలదు. ఊరూ గుడీ దూరమైన మనుషులకు ఇంతకన్నా గొప్ప కబురు ఉండదు. నాసా ఇంజినీరు జోసెఫ్ బ్లుమ్‌రిష్ 1970లలో ఈ అధ్యాయం మీద పుస్తకం రాసి, యెహెజ్కేలు చూసింది అంతరిక్ష నౌక అన్నాడు. ఆ లెక్కలో చక్రాలు మిగిలాయి, చెరలో ఉన్నవాళ్లు మాయమయ్యారు.

ఇవే జీవులు ఆరు రెక్కలతో ప్రకటన నాలుగో అధ్యాయంలో స్తుతి చేస్తాయి. సంఘం వీటిని నాలుగు సువార్తలకు గుర్తులుగా తీసుకుంది. క్రీ.శ. 180 ప్రాంతంలో ఐరేనియస్ మార్కుకు గద్దను, యోహానుకు సింహాన్ని ఇచ్చాడు. నిలిచిపోయింది మాత్రం తర్వాత జెరోమ్ చెప్పిన వరస. మత్తయికి మనిషి, మార్కుకు సింహం, లూకాకు ఎద్దు, యోహానుకు గద్ద. వెనిస్ నగరపు రెక్కల సింహం మార్కుదే. ఇది మూలగ్రంథంలో లేని భావన, తర్వాతి భక్తి అల్లుకున్న అందం. అలా తెలుసుకుని ఆస్వాదిస్తే చాలు.

నీతిచంద్రిక చదివి పెరిగిన తెలుగు పాఠకుడికి ఒక అలవాటు ఉంటుంది: నక్క అంటే జిత్తులు, సింహం అంటే రాజు. బైబిలులో జంతువుకు అలాంటి స్థిరమైన స్వభావం లేదు. యూదా గోత్రపు సింహం క్రీస్తు. ఎవరిని మింగుదునా అని తిరిగే సింహం, పేతురు పత్రికలో, సాతాను. ఏదెను తోటలో సర్పం మోసగించింది. అరణ్యంలో మోషే ఎత్తిన ఇత్తడి సర్పాన్ని చూసినవారు బతికారు. యేసు దాన్ని తన సిలువకు పోలికగా చెప్పాడు. జనం దానికే ధూపం వేయడం మొదలుపెట్టాక హిజ్కియా రాజు ఆ సర్పాన్ని ముక్కలు చేయించాడు. ఒకే వస్తువు ఒకచోట మంచికీ మరోచోట చెడుకీ గుర్తు కావచ్చని అగస్టిన్ సింహాన్నీ పామునూ ఉదాహరణగా చూపి నియమంగానే రాశాడు. సందర్భాన్ని వదిలేసి జంతువుల అర్థాలకు పట్టిక తయారుచేసే పుస్తకాలన్నీ ఈ నియమం దగ్గర విఫలమవుతాయి.

యోబు గ్రంథం చివర వచ్చే రెండు జీవులు ఏ పట్టికలోనూ ఇమడవు. తెలుగు బైబిలు వాటిని నీటిగుర్రం, మకరం అంటుంది. 1663లో ఫ్రెంచి పండితుడు బొషార్ కూడా మొదటిది నీటిగుర్రం, రెండోది మొసలి అని వాదించాడు. 1929 నుంచి సిరియా తీరంలోని ఉగరిత్‌లో బయటపడ్డ మట్టి పలకల్లో బాలు దేవుడితో సంబంధమున్న ఏడు తలల సర్పం కథ దొరికింది. దాంతో మకరం వెనక పాత సముద్రసర్పం ఉందని తేలింది. డెబ్బై నాలుగో కీర్తనలో దానికి ఒకటికన్నా ఎక్కువ తలలున్నాయి. నూట నాలుగో కీర్తనలో అదే జీవి దేవుడు సముద్రంలో ఆడుకోవడానికి చేసిన ప్రాణి. యోబుకు దేవుడు దాన్ని చూపించేటప్పుడు ఏ రాజ్యాన్నీ, ఏ పాపాన్నీ దానికి అంటగట్టడు. మనిషికి లొంగని, మనిషికి ఉపయోగపడని ప్రాణి కూడా సృష్టికర్తకు ఇష్టమేనని చూపి ఊరుకుంటాడు. అర్థం చెప్పాలన్న తొందరలో ఆ మౌనాన్ని చెరపకూడదు.

ప్రకటన గ్రంథం పదమూడో అధ్యాయం దగ్గర బెదిరిపోయిన పాఠకులు ముందు దానియేలు ఏడు, ఎనిమిది అధ్యాయాలు, యోవేలు మొదటి రెండు అధ్యాయాలు, యెహెజ్కేలు మొదటి అధ్యాయం చదవండి. తర్వాత ప్రకటన ఐదో అధ్యాయంలోని గొర్రెపిల్లను చూసి, అక్కడినుంచి పదమూడుకు వెళ్లండి.