అతుకును దాచని పనితనము

1615వ సంవత్సరమున ఒసాకా కోట అగ్నికాహుతియై, తొయొతొమి వంశము దానితోడనే అంతరించిన పిదప, విజేతయైన తొకుగావా ఇయెయాసు ఆ భస్మరాశిలో వెదకించిన వస్తువులలో, తేయాకుపొడి నిలువయుంచుకొను మట్టిభరిణెలు, పిడికిట నిముడునంతటివి, కొన్ని యుండెను. ఫుజిషిగె తోగెన్, తోగాన్ అను తండ్రీకొడుకులు ఆ పెంకుల నేరి తెచ్చి, "త్సుకుమొ నాసు" అను పేరుమోసిన భరిణెను (నాసు అనగా వంకాయ; ఆకారమునుబట్టి వచ్చిన పేరు) ఎంతటి నేర్పుతో అతికిరనగా, నేటికిని దానిపై అతుకుజాడ కంటికి గానరాదు. ఎక్స్‌రే పెట్టి చూచిన తరువాతగాని, పైని నిగనిగలాడుచున్నది మంటలో కరగిన గాజుపూత కాదనియు, చాలమేర చెట్టుపాలతో కల్పించిన పూతయే యనియు తేటపడలేదు.

ఇంతగా దాచగల చేతులున్న దేశముననే, దాచకుండుట వేరొక విద్యగా వెలసినది. దానిపేరు కిన్‌త్సుగి, కిన్ అనగా బంగారము, త్సుగి అనగా అతుకు. చేతగాక అతుకును బయటపెట్టినవారు లోకమున కొల్లలుగా నుందురు; చేతనయ్యును బయటపెట్టి, ఆ గీతపై బంగారము చల్లి, చూడుడని చూపినవారి సాహసమే యీ విద్యయందు నన్ను మొదట ఆకర్షించినది.

దీని పుట్టుకకు అషికాగా యొషిమాసా అను షోగును కథ నొకదానిని చెప్పుదురు. పదునైదవ శతాబ్దమువాడైన ఆ ప్రభువు తన పచ్చని చీనా గిన్నె బీటవారగా, అటువంటిదే మరియొకటి పంపుడని చీనాకు పంపెననియు, అంతటి గిన్నె తమ కాలమున చేయువారు లేరని అచటివారు దానికే ఇనుప బందులు వేసి తిప్పి పంపిరనియు, ఆ బందుల యందము నచ్చక జపాను పనివాండ్రు బంగారు అతుకును కనిపెట్టిరనియు కథ. ఆ గిన్నె టోక్యో జాతీయ సంగ్రహశాలలో నేటికిని గలదు, పేరు బాకోహాన్. కాని దానిపై నున్నవి ఇనుప బందులే; బంగారము రవంతయు లేదు. పైగా ఆ బందులు మిడుతను పోలియున్నవని ముచ్చటపడియే ఆ పేరు పెట్టిరి. కథలోని కడపటిమాటను నమ్ముటకు నాకు మనసొప్పదు. హోనామి కోయెత్సు (1558–1637) చేసిన "సెప్పో" గిన్నె నమ్మదగిన సాక్షి. ఆవములోనే పగిలిన ఆ గిన్నెను పారవేయక, ఆ పగుళ్లను బంగారముతో నింపి, పైనున్న తెల్లనిపూతను మంచుగా భావించి, హిమశిఖరమను అర్థము వచ్చునట్లు నామకరణము చేసిరి.

పేరులో బంగారమున్నను, పనిలో దాని పాలు స్వల్పము. పెంకును పెంకుతో పట్టి నిలుపునది "ఉరుషి" యను చెట్టుపాలు. మన ఏటికొప్పాక బొమ్మలపై మెరయు లక్క పురుగు స్రవించునది. ఇది అది గాదు. దీని చుట్టములు మన పెరటిలోనే యున్నవి: మామిడి, జీడిమామిడి, రజకులు బట్టలపై చెరగని గురుతులు పెట్టుటకు వాడిన నల్లజీడి, అన్నియు ఒకే కుటుంబమునకు చెందినవి. మామిడిసొన తగిలి పెదవి పొక్కినవారికి ఉరుషి స్వభావమును వేరుగ వివరింప నక్కరలేదు. పచ్చిపాలు ఒంటికి తగిలిన దద్దురు లేచును. ఇవాతె మండలమున జోబోజి ప్రాంతము ఈ పాలకు ప్రసిద్ధి. పదియు పదునైదు ఏండ్లు పెంచిన చెట్టుకు వేసవి మొదలు శరత్తువరకు గాట్లు పెట్టి గీచినచో దక్కునది ఇంచుమించు 200 గ్రాములు. అంతటితో ఆ చెట్టును నరికివేసి, మోడునుండి లేచు పిలకలకై వేచియుందురు.

ఈ పాలకు మరియొక విపరీతగుణము గలదు. లోకమున తడి వస్తువులన్నియు ఎండకు ఆరగా, ఇది తేమలో గట్టిపడును. పాలయందే యున్న యొక ఎంజైము గాలిలోని ప్రాణవాయువును గ్రహించి దానిని బిగియజేయును. 1883లో యొషిదా హికొరొకురో యను రసాయనజ్ఞుడు ఆ సంగతి నెరిగించెను. ఆ ఎంజైము పనిచేయుటకు వెచ్చదనమును, నూటికి డెబ్బదికి పైబడిన తేమయు కావలెను. అందుచే పనివాడు తడిగుడ్డలు పరచిన కొయ్యపెట్టె నొకదానిని సిద్ధముగా నుంచుకొనును.

పగిలిన అంచులను కొంచెము అరుగదీసి, గోధుమపిండిని నీటితో పిసికి, అందు ఉరుషి కలిపి సాగునట్టి జిగురుచేసి, పెంకులకు పలుచగా పూసి అతికి, పెట్టెలో నుంచిన పిదప వారములు గడచును. ఊడిపోయిన చోట్లకు మెత్తని మట్టిపొడి కలిపిన ఉరుషితో మెత్తి, ఆరనిచ్చి, నూరి, మరల మెత్తుదురు. పెంకు బొత్తిగా దొరకనిచో వేరొక గిన్నె ముక్కను చెక్కి యమర్చుటయు గలదు. రంగుకు రంగు కలియకుండుటయే దాని సొంపు. పిదప పలుచని పూతలు, పూతపూతకును బొగ్గుతో సాన. కడపట ఎఱ్ఱని ఉరుషితో సన్నని గీత గీచి, అది పచ్చియును గాక పండును గాక యున్న వేళ, పట్టుదూదితో బంగారపు పొడి నద్దుదురు. తొందరపడినచో బంగారము లోనికి క్రుంగి వన్నెదప్పును. ఆలసించినచో అంటనే యంటదు. ఆ వేళను గడియారము చెప్పదు, వ్రేలికొన చెప్పవలెను. అదియు గట్టిపడిన తరువాత చేపపంటితోనో అకీకురాతితోనో మెరుగుపెట్టుదురు.

ఇటీవల ఈ విద్యను మానవజీవితమునకు ఉపమానముగా వాడుట పరిపాటియైనది. ఉపమానము చెడ్డది కాదుగాని, వాడువారిలో పెక్కుమంది ఉరుషి వాసన యెరుగనివారు. రసాయనపు జిగురును, ఇత్తడిపొడిని ఒక డబ్బాలో పెట్టి, ఒక్క పూటలో ముగియునని అమ్ముచున్నారు. ఉదయము పగిలిన గిన్నె సాయంకాలమునకు అలమారులో మెరయుచుండును. అన్నము పెట్టుకొనుటకు మాత్రము పనికిరాదు. పనివాని యింట అదేనాడు అతికిన గిన్నె ఇంకను తడిగుడ్డల నడుమ, మూతవేసిన పెట్టెలోనే యుండును.