నేరము డ్రైవరుదా? పోర్టింగుదా?

ఒక యంత్రమునకై వ్రాసిన గేమును వేరొక యంత్రముపై నడచునట్లు మార్చుటను పోర్టింగు అందురు. అట్లు మార్చిన గేము క్రొత్తచోట తడబడినచో ఆడువారు రెండు పక్షములుగా చీలుదురు. గేమునకును గ్రాఫిక్సు కార్డునకును నడుమ దుబాసీవలె మెలగు డ్రైవరుదే తప్పని కొందరు. గేమును మార్చినవారి అశ్రద్ధయే యని మరికొందరు. ఇరుపక్షములవారును తీర్పు ముందు చెప్పి సాక్ష్యమును పిమ్మట వెదకుచున్నారు. ఇది వట్టి మాటల పోరుతో పోదు. సందేహము తీరకమునుపే విద్యార్థి తండ్రిచేత వేల రూపాయల క్రొత్త కార్డు కొనిపించును.

ఈ విషయమున అంకెలతో కూడిన సాక్ష్య మొకటి కలదు. వాల్వ్ సంస్థవారు విండోసుకై వ్రాసిన తమ 'లెఫ్ట్ ఫోర్ డెడ్ టూ' గేమును లినక్సుకు మార్చి, ఆ ఫలితములను 2012 ఆగస్టులో ప్రకటించిరి. మొదట అది సెకనుకు 6 ఫ్రేములు మాత్రమే చూపెను. అనగా ఒక్కొక్క బొమ్మకు సుమారు 167 మిల్లీసెకనులు. యంత్రము బలహీనమైనదా యన్న, కాదు. జీఫోర్సు జీటీఎక్స్ 680 కార్డు, 32 గిగాబైట్ల మెమరీ గలది. తుదకు అదే యంత్రముపై 315 ఫ్రేములు వచ్చెను. విండోసు 7 పై, డైరెక్ట్ త్రీడీ ద్వారా, వచ్చినవి 270.6 మాత్రమే.

ఈ అభివృద్ధి ఎవరి పుణ్యము? వారు గేమును లినక్సు కెర్నెలుకు తగినట్లు సవరించిరి. ఓపెన్ జీఎల్ కు తగినట్లును సవరించిరి. కార్డు తయారీదారులతో కలిసి డ్రైవరును గూడ మెరుగుపరచిరి. మూడును మారినవి గనుక, మొత్తము ఫలితమును చూపి ఏ పక్షమువారును గెలిచితిమన రాదు.

వారు చేసిన మరియొక పరీక్ష నాకు ఎక్కువ విలువైనదిగా తోచుచున్నది. అదే గేమును విండోసుపైననే ఓపెన్ జీఎల్ ద్వారా నడపగా 303.4 ఫ్రేములు వచ్చెను. ఆపరేటింగు సిస్టము మారలేదు, కార్డు మారలేదు, అయినను వేగము పెరిగెను. కావున 'లినక్సే గొప్ప' అను కేక సగమునకు పైగా వీగిపోయినది. అయితే ఓపెన్ జీఎల్ కు మారినపుడు డ్రైవరులో పనిచేయు భాగము కూడ మారును. కాబట్టి ఈ పరీక్షయు పూర్తిగా శుద్ధమైనది కాదు. మరియొక మాట: 270.6 కును 315 కును గల భేదము కాలమున చూచిన బొమ్మకు దాదాపు అర మిల్లీసెకను. సెకనుకు 60 మారులు మాత్రమే మారు తెరపై దానిని ఏ కన్నును పట్టజాలదు!

తప్పు స్పష్టముగా తెలియు సందర్భములును లేకపోలేదు. 'బాట్‌మన్: ఆర్కమ్ నైట్' పీసీ రూపము 2015 జూన్ 23న వెలువడి, కొద్ది దినములలోనే అమ్మకమునుండి తొలగింపబడి, అక్టోబరు చివర మరల వచ్చెను. అది మొదట సెకనుకు 30 ఫ్రేములు మించకుండ కట్టడి చేయబడి యుండెను. అట్టి కట్టడి డ్రైవరు పెట్టునది కాదు.

చిక్కెల్ల షేడర్ల వద్ద వచ్చును. బొమ్మకు రంగును వెలుగును లెక్కకట్టు చిన్న ప్రోగ్రాములే షేడర్లు. గేము కన్సోలులో ఉండునది ఒకే రకపు చిప్పు గనుక, వాటిని ముందే దాని యంత్రభాషలోనికి మార్చి ఇయ్యవచ్చును. పీసీలో కార్డులు అనేకము. ఆ పని అక్కడి డ్రైవరు చేయవలెను. గేము ఆ పనిని ఆరంభముననే అడిగిన మేలు. ఆట నడుమ అడిగిన బొమ్మ ఆగును. గడియారము పట్టి చూచినవాడు కాలమంతయు డ్రైవరులో పోయినదనును. నిజమే. కాని ఆ పనిని ఆ క్షణమున పురమాయించినది గేము.

దీనికి విలోమమైన పొరపాటు కూడ ఉన్నది: 'ఇచట దిద్దగా బాగుపడినది, కావున తప్పు ఇచటిదే' యనుట. 2022లో 'ఎల్డెన్ రింగ్' గేము కొన్ని తావులందు వేలకొలది కమాండు బఫర్లను ఒక్కసారిగా సృష్టించుచు తడబడుచుండెను. వాల్వ్ వారు గేమును ముట్టక, దానిని లినక్సుపై నడపు అనువాదపు పొరలో ఆ కేటాయింపులను దాచియుంచు ఏర్పాటు చేసి, తమ స్టీమ్ డెక్ పై ఆ తడబాటును తగ్గించిరి. తప్పు ఒకచోటిది, మందు మరియొకచోట.

ఇంట పరీక్షింపగోరు విద్యార్థి గేము వెర్షనును మార్చక డ్రైవరును మాత్రము మార్చి, ఒకే దృశ్యమును పలుమారులు కొలువవలెను. పిమ్మట బొమ్మ రిజల్యూషనును తగ్గించి చూడవలెను. అప్పటికిని వేగము పెరగనిచో ఆలస్యము కార్డుది కాక ప్రాసెసరు వైపున ఉండవచ్చును. ఇంతమాత్రమున డ్రైవరు నిర్దోషి కాదు. డ్రైవరు పనిలో పెద్దభాగము జరుగునది ప్రాసెసరు మీదనే. క్రొత్త కార్డు మాట మాత్రము అప్పుడు మానుకొనవచ్చును.