కుటుంబహాస్యము – విమర్శకుల చిన్నచూపు

మన పట్టణములలో సాహిత్యసభ జరిగిన ప్రతిచోటను ఏదో యొక ఘట్టమున టెలివిజను ప్రస్తావన వచ్చుట, వచ్చినంతనే వక్త పెదవి విఱుచుట, సభికులు నవ్వుట పరిపాటి యైనది. "ఆ సీరియళ్లు", "ఆ కామెడీలు" అన్నచో చాలును, విమర్శ ముగిసినట్లే. ఒక పుస్తకమును గూర్చి యెవరైన నిట్లు మాటలాడినచో మనము సహింపము. ఏ పుటలో, ఏ పాత్రయందు, ఏమి దోషమని నిలదీసి యడుగుదుము. టెలివిజను విషయమున అడుగువారు లేరు.

ఈ తప్పు నేనును జేసినవాడనే. కొంతకాలము క్రిందట విజయవాడ సత్యనారాయణపురమున నొక చిన్న సభలో హాస్యమును గూర్చి ప్రసంగించుచు, కన్యాశుల్కమును నోరార మెచ్చి, ఆ వెంటనే నేడు రాత్రివేళ యిండ్లలో వినవచ్చు నవ్వులు బుద్ధికి పట్టిన త్రుప్పని పలికితిని. చప్పట్లు బాగుగనే మ్రోగినవి. వెనుకవరుసలో మా అక్కయ్య కూర్చుండి యుండెను. ఆమె నలుబదియేండ్లు దివిసీమలో వ్యవసాయపుటింట చాకిరి చేసి, ఇప్పుడు కొడుకునొద్ద నుండుటకు బెజవాడ వచ్చినది. ఇల్లు చేరిన పిమ్మట ఆమె యడిగిన ప్రశ్న యిది: "ఏరా, నువ్వు తిట్టినవాటిలో ఒక్కటైనా మొదలునుంచి చివరిదాకా చూశావా?" చూడలేదంటిని. "చూడకుండా తిట్టటం కూడా చదువేనా మరి?"

సమాధానము తోచలేదు. నాటినుండి కొన్ని మాసములు రాత్రి భోజనమునకు ముందు ఆమె ప్రక్కకుర్చీలో కూర్చుండి చూచితిని. ఆ చూచినదానిని బట్టియే యిది వ్రాయుచున్నాను.

ఈ చిన్నచూపు టెలివిజనుతో పుట్టినది కాదు. 1960, 70 ప్రాంతములలో స్త్రీల నవలలు ఇంటింట ప్రవేశించినపుడు, వానిని వంటయింటి నవలలని హేళన చేసినవారు మనలోనే కలరు. కృష్ణాజిల్లా కాజగ్రామమున 1940లో జన్మించిన యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' నవలను జ్ఞప్తికి దెచ్చుకొనుడు. కథానాయకుని కారును, మేడను, అందమును వేళాకోళము చేసిన విమర్శకులు, ఆ కథలోని జయంతి ఉద్యోగము చేసి తన జీతముతో తాను బ్రతుకబూనిన యువతి యను సంగతిని గమనించిరా? కథలోని కలిమి నమ్మదగినది కాదనుట న్యాయమే. దానిని చదివిన స్త్రీలు తెలివిమాలినవారనుట మాత్రము న్యాయము కాదు. మొదటిది రచనమీది తీర్పు, రెండవది పాఠకురాలిమీది తీర్పు. మనవారి విమర్శలో మొదటిది కొంచెమును, రెండవది విశేషమును ఉండుచు వచ్చినది.

పోనిండు, ఇంటి గొడవలను జూచి నవ్వుట తక్కువపని యందమా? మునిమాణిక్యం నరసింహారావుగారి కాంతం కథలలో నున్నదేమి? మగని బడాయి, ఆలి గడుసుదనము, చుట్టముల రాక, చాలని సంపాదన. వానిని సాహిత్యమని మన మందఱము గౌరవించుచున్నాము. గౌరవింపదగినవే. అచ్చులో నున్నపుడు ఉత్తమమైన వస్తువు తెరమీది కెక్కగానే అధమ మెట్లగును?

ఇక 'అమృతం' మాట. ఇది 2001 నవంబరు 18న జెమినీ ఛానలులో ప్రారంభమై, ఆఱేండ్లపాటు ఆదివారములందు ప్రదర్శింపబడి, 313 భాగములతో 2007లో ముగిసినది. దీనికి కర్త గుణ్ణం గంగరాజు. సులభముగ ధనవంతుడు కాదలచు అమృతరావు, వాని వెంట తిరుగు ఆంజనేయులు, వారి భార్యలు, వారి హోటలు, అందు పనిచేయు సర్వం, ఇంటి యజమాని అప్పాజీ – ఇంతమాత్రమే సామగ్రి. అమృతరావు వేషమును ఒకరి తరువాత నొకరుగా ముగ్గురు నటులు ధరించిరి గాని ఆంజనేయులు మాత్రము మాఱలేదు. ఆ పాత్రధారి గుండు హనుమంతరావు (1956–2018) మన విజయవాడవాడే. నాటకరంగమునుండి వచ్చిన వాని ముఖమున ప్రతి పరాజయమును క్రొత్తదిగనే కనబడును.

చదువుకొన్నవారితో దీనినిగూర్చి మాటలాడితిరా, "అది వేఱు సుమండీ" అందురు. ఎందుచేత వేఱని యడిగిన తడబడుదురు. భాష చక్కగ నున్నది, బూతు లేదు అందురు. అది నిజమే. కాని తమ బాల్యములో తామును చూచితిమను మమకారము ఆ తీర్పులో సగపాలున్నదని నా యనుమానము. మా మేనల్లుడు యూట్యూబున దానిని పెట్టగా అక్కయ్య అప్పాజీని జూచి కన్నీళ్లు వచ్చునట్లు నవ్వినది. నవ్వి, కన్నులు తుడుచుకొని, "ఈ ఇద్దరూ డబ్బులన్నీ తగలేశారు బాగానే ఉంది. ఆ నెల ఇంట్లో సరుకులెట్లా వచ్చాయో ఎవడు చూపిస్తాడు?" అన్నది. ప్రహసనములో వారము తిరుగగానే అన్నియు యథాస్థితికి వచ్చుట నియమమని నేను వివరింపబోయితిని. "ఆ మాత్రం నాకు తెలుసులేరా. అయినా అడుగుతాను." నా ప్రసంగములో నేనడుగని ప్రశ్న యది. అందఱును మెచ్చినదానిని, తానును మెచ్చినదానిని అడిగినది. నేను నాకు నచ్చనివానిని మాత్రమే అడుగుచుంటిని.

2013 ఫిబ్రవరిలో ఈటీవీయందు మొదలైన 'జబర్దస్త్' మీద వచ్చిన నిందలలో రెండు తెగలున్నవి. ఆ నటుల యాస మొరటుదని, పల్లెటూరి మాటలని నిందించువారొక తెగ. వీరి మాట త్రోసివేయదగినది. కన్యాశుల్కమును వాడుకభాషలో వ్రాసినందులకు గురజాడవారు ఎదుర్కొన్నదియు ఈ తీరు ఆక్షేపణయే గదా! రెండవ తెగవారు ఆ హాస్యములో ఆడుదానికి పట్టిన గతి యేమని యడుగుచున్నారు. ఇచ్చట నేను వారి పక్షమే.

పురుషుడు స్త్రీవేషము వేయుటలో తప్పు లేదు. మన కూచిపూడిలో తరతరములుగ వేసినదే. వేదాంతం సత్యనారాయణశర్మగారు (1935–2012) జడ ముందునకు వైచుకొని సత్యభామయై నిలిచినపుడు వేషధారి పురుషుడను స్మృతియే ప్రేక్షకులకు కలుగలేదు. భామాకలాపములోను హాస్యమున్నది. మాధవి భామను ఆటపట్టించును, ఆమె గర్వమును గిల్లును. ఐనను భామకు మాటయున్నది, కోపమున్నది, విరహమున్నది. జబర్దస్తులో నేను చూచిన పెక్కు తునకలలో చీర కట్టిన నటునికి మాట లేదు. భార్య లావు, భార్య రంగు, భార్య నడవడి – ఇవి ఇతరులు విసరు ఱాళ్లకు గుఱులు. అక్కయ్య యీ కార్యక్రమమును గూర్చి నాతో వాదింపలేదు. అట్టి మాట రాగానే లేచి వంటయింటిలోనికి పోయెడిది. మేనల్లుడును నేనును నవ్వుచుండగా ఆమె లేచిపోవుటను నేను మూడు నాలుగు మాఱులు చూచి కాని గుర్తింపలేదు. అందులకు నాకు సిగ్గుగా నున్నది.

హాస్యముతో నాగక ఏడుపు సీరియలును గూర్చియు ఒకమాట చెప్పవలెను, ఏలయన మన హాస్యమునకు ముడిసరకు అదియే. 'కార్తీకదీపం' 2017 అక్టోబరునుండి 2023 జనవరివఱకు స్టార్ మా ఛానలులో 1500 భాగములకు మించి నడచినది. మలయాళములోని 'కఱుత్తముత్తు'నకు ఇది తెలుగు రూపము. నల్లని దీపను ఆమె భర్త శంకించి విడుచుట, ఆమె వంట చేసి బ్రతుకుట కథ. నటి ప్రేమి విశ్వనాథ్ మొగమునకు నలుపు పులిమి దీపను జేసిరి. నలుపు తక్కువ కాదని చెప్పు కథకు నల్లని నటి దొరకకపోవుట వింత! ఇది న్యాయమైన విమర్శ. ఆ శంక యేండ్ల తరబడి తీరకుండుటయు అట్టిదే. కారణము కథలో లేదు, వ్యాపారములో నున్నది. వారమున కొకసారి వచ్చు రేటింగు అంకెలు బాగున్నంతకాలము ఏ ముడియు విడదు, విడినచో ప్రకటనల ధనము పోవునని భయము. ఆఱేండ్లలో 313 భాగములు వ్రాసినవారికి కథను ముగించు తీఱిక యుండెను. దినదినము వ్రాయవలసినవారికి ప్రతి శుక్రవారమును ఒక ముప్పు కావలెను.

కాని మన విద్యావంతులు చేసినది ఈ విమర్శ కాదు. 'వంటలక్క' యను పేరును హాస్యోక్తిగా మార్చుకొనిరి. ఫోనులలో, విందులలో, కచ్చేరీలలో ఆ పేరు వినబడగానే నవ్విరి. నేనును నవ్వితిని. అక్కయ్య దానిని మఱచిపోలేదు. "మొగుడు వదిలేస్తే వంటలు చేసి పిల్లల్ని పెంచుకుంది. అందులో మీకు నవ్వెక్కడ దొరికిందిరా?" దివిసీమలో 1977 ఉప్పెన తరువాత ఇతరుల యిండ్లలో వండి సంసారము లీడ్చిన స్త్రీలను ఆమె యెఱుగును. పేరులు పెట్టి చెప్పినది. సీరియలు చెడ్డది కావచ్చును, ఆ స్త్రీలు నవ్వదగినవారు కారు. ఈ రెంటిని వేఱుచేయలేని విమర్శకు తెలివి యను పేరు మనము తొందరపడి యిచ్చినాము.

ఇంతమాత్రమున నిర్మాతల పక్షము వహించితినని పాఠకులు తలపవలదు. "ప్రజలు కోరినదే యిచ్చుచున్నా"మను వారి సమాధానము నాకు మన పెదవివిఱుపు కంటెను చేదుగ నున్నది. ప్రజల కంతకంటె మంచిది పనికిరాదనుట దాని భావము కాదా? ఈ మాట వినిపింపగా అక్కయ్యకు నిజముగనే కోపము వచ్చినది. "నేను కోరానని వాళ్లకెవరు చెప్పారు? పని తెమిలేసరికి ఏడున్నర. అప్పుడు ఏది వస్తే అది చూశాను. మంచిది వేస్తే చూడనన్నానా?" ఆమె మాటను ఏ రేటింగు యంత్రమును లెక్కింపదు.

సత్యనారాయణపురము సభవారు నన్ను మరల పిలిచినారు. ఈమాఱు ప్రసంగము వలదని, ఒక వారమునాటి భాగములను సభ్యులందఱును ముందుగ చూచివచ్చి వానినిగూర్చియే మాటలాడవలెనని నేను వ్రాసితిని. అట్లు చూచివచ్చువారెందఱుందురో యని కార్యదర్శి సందేహించుచున్నాడు. అక్కయ్య వచ్చుటకును, వెనుకవరుసలో గాక ముందు కూర్చుండుటకును ఒప్పుకొన్నది గాని, ఏడున్నరలోపల సభ ముగింపవలెనన్నది.