బ్రిట్ లిట్ దండకం

ఓ బ్రిట్ లిట్ సంవత్సరమా, బ్రిటిష్ సాహిత్యపు ఏడాదీ, అమెరికా హైస్కూలు పన్నెండో తరగతిలో ఆగస్టున అడుగుపెట్టి, మే నెలాఖరుకి మూటాముల్లే సర్దుకునేదానా, వెయ్యేళ్లను తొమ్మిది నెలల్లో నడిపించేదానా, నీకు దండం. వెళ్లేముందు కాస్త ఆగు. టీచరు బోర్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక గీత గీశారు. ఇటు బేవుల్ఫ్, అటు ఆర్వెల్. ఫైనల్స్‌కి అదే రివ్యూ. నడుమ ఎవరెవరున్నారో చెప్పమంటే, మనసు అప్పుడే కాలేజీకి పంపేసిన సీనియర్లు ఒక్కో పేరూ తవ్వి తీస్తున్నారు.

1776లో బ్రిటన్ రాజుతో తెగతెంపులు చేసుకున్న దేశం, అతని భాషలోని కావ్యాలకు మాత్రం చాలాచోట్ల పిల్లల చదువులో ఒక ఏడాది రాసిచ్చింది. రాజు అక్కర్లేదు, చాసర్ కావాలి. బేరం మంచిదే.

రాక్షసుడితో మొదలైనదానివి నువ్వు. 3,182 పాదాల బేవుల్ఫ్‌కి లోకంలో మిగిలిన పాత ప్రతి ఒక్కటే. 1731 అక్టోబరులో లండన్‌లో అది ఉన్న ఆష్‌బర్న్‌హామ్ హౌస్‌కి నిప్పంటుకుంది. ప్రతి దక్కింది గానీ అంచులు మాడాయి. పెళుసెక్కిన తోలు పుటల నుంచి ఏళ్ల తరబడి అక్షరాలు రాలుతూనే వచ్చాయి. ఆ శతాబ్దం చివర్లో ఐస్‌లాండ్‌లో పుట్టిన థోర్కెలిన్ అనే పండితుడు ఒక నకలు రాయించాడు, తానూ ఒకటి రాసుకున్నాడు. మూలంలో ఇప్పుడు కనిపించని అక్షరాలు కొన్ని ఆ నకళ్లలోనే బతికి ఉన్నాయి. ఆ రాక్షసుడు గ్రెండల్ చెయ్యి ఊడిన చోట పకపకా నవ్విన తరగతీ, ఆ చెయ్యి మంటల్లోంచి వచ్చింది నీ దాకా.

చాసర్‌కి వందనం. లండన్ రేవులో ఉన్ని సుంకాల లెక్కలు చూసిన ఉద్యోగికి వందనం. టాబర్డ్ సత్రంలో ముప్ఫైమంది దాకా కాంటర్‌బరీ యాత్రికుల్ని కూడగట్టి, పోతూ రెండు, వస్తూ రెండు, తలా నాలుగు కథలని ఒప్పందం పెట్టాడు. రాసినవి 24. తిరుగు ప్రయాణం మాట దేవుడెరుగు, కాంటర్‌బరీ గుడి గుమ్మం కూడా తొక్కించలేదు. అయినా ఐదుగురు మొగుళ్లను చూసిన బాత్ ఊరి ఇల్లాలు నోరు విప్పిందంటే వెనక బెంచీల్లో ఫోన్లు జేబుల్లోకి వెళ్లిపోతాయి. ఆమెకి వేరే వందనం.

హాలోవీన్ దగ్గర పడేసరికి మంత్రగత్తెల్ని దింపావు. మాక్బెత్ నాటకం షేక్‌స్పియర్ బతికుండగా అచ్చు మొహం చూడలేదు. 1616లో అతను పోయాక, హెమింజ్, కాండెల్ అనే ఇద్దరు తోటి నటులు ఏడేళ్లకు 36 నాటకాలు ఒక్క సంపుటంగా తెచ్చారు. వాటిలో సగానికి అదే మొదటి అచ్చు. స్నేహితుడి కాగితాలు జాగ్రత్త చేసిన ఆ ఇద్దరి పేర్లు ఏ పరీక్షలోనూ రావు. అందుకే ఇక్కడ తలుచుకుంటున్నాను.

కవి డన్‌ని ఒక్క పీరియడ్‌లో ముగించావు, పోనీ. చూపు పూర్తిగా పోయాక పదివేల పైచిలుకు పాదాలు చెప్పి రాయించిన మిల్టన్‌కి 1667లో తొలి పైకంగా ఐదు పౌన్లు ముట్టాయి. క్లాసుకి అతని కావ్యంలో దేవుడి కంటే సైతానే ఎక్కువ నచ్చాడు. ఆ ఫిర్యాదు పాతదే. స్విఫ్ట్ దగ్గర మాత్రం గది ఉలిక్కిపడింది. బీదవాళ్ల పసిబిడ్డల్ని వండుకు తింటే ఐర్లండ్ దరిద్రం తీరుతుందని 1729లో అతను నిమ్మళంగా లెక్కలు వేస్తుంటే, ఇది నిజమేనా అని ఎవరో ఒకరు అడుగుతారు, ప్రతి ఏడూ. అడగాలి. అడగని క్లాసుంటే భయపడాలి.

ఇక నీలో నేను అందరికంటే ఎక్కువగా కొలిచేది చిన్నవాళ్లను. పన్నెండేళ్లకే బూటు పాలిష్ డబ్బాలకు చీటీలంటించిన డికెన్స్‌ను. ఆడో మగో తేలని మారుపేర్లు పెట్టుకుని 1847లో నవలలు వదిలిన బ్రాంటీ అక్కచెల్లెళ్లను. మేరీ షెల్లీని. 1815లో టాంబోరా అగ్నిపర్వతం పేలి, మరుసటి వేసవికి యూరప్‌లో ఎండే కరవైంది. జెనీవా సరస్సు ఒడ్డున ముసురుకి ఇల్లు కదలలేని మేరీ, మిత్రులు తలా ఒక దయ్యం కథ రాయాలని పందెం వేసుకున్నారు. ఆమెకప్పుడు పద్దెనిమిది. 1818లో ఫ్రాంకెన్‌స్టైన్ వచ్చినప్పుడు అట్టమీద ఆమె పేరు లేదు. ఈ గదిలో చాలామందికి ఇప్పుడు ఆ పద్దెనిమిదే. మందులవాడిగా పట్టా పుచ్చుకుని, కవిత్వం కోసం దాన్ని పక్కన పడేసి, ఇరవై ఐదేళ్లకే రోమ్‌లో కన్నుమూసిన కీట్స్ వీళ్లకి అన్నయ్య ఈడువాడు.

ఆ బెంచీల్లో మన పిల్లలూ ఉన్నారు. ఆ రొమాంటిక్ కుర్రాళ్ల వెన్నెల మన భావకవుల వాకిళ్లలోనూ కాసిందనీ, వీరేశలింగం గారి రాజశేఖర చరిత్రకు ప్రేరణ గోల్డ్‌స్మిత్ నవల అనీ వాళ్లకి ఎవరూ చెప్పి ఉండరు. ఇంట్లోవాళ్లు చెప్పొచ్చు.

కవి ఓవెన్ దగ్గర కాసేపు నిలబడతాను. 1917లో మొదటి ప్రపంచ యుద్ధం మనసుని చితక్కొడితే ఎడిన్‌బరాలోని క్రెయిగ్‌లాక్‌హార్ట్ ఆసుపత్రికి వచ్చాడు. అక్కడే మరో కవి ససూన్ పరిచయమయ్యాడు. చచ్చిపోబోయే కుర్రాళ్ల మీద ఓవెన్ రాసిన పద్యం చిత్తుప్రతి ఇప్పటికీ ఉంది. కొట్టివేతలు, గీతలు, వాటి నడుమ ససూన్ పెన్సిల్‌తో సూచించిన మాటలు. కాలేజీ దరఖాస్తు వ్యాసాన్ని పదిసార్లు తిరగరాసిన పిల్లలకి ఆ కాగితం చూపిస్తే వేరే పాఠం అక్కర్లేదు. ఓవెన్ మళ్లీ ఫ్రాన్స్ వెళ్లి 1918 నవంబరు 4న ఒక కాలువ దాటబోతూ తూటాకి పడిపోయాడు. ఇతనికీ ఇరవై ఐదే. యుద్ధం ఆగిన నవంబరు 11నే ఆ కబురు తల్లిదండ్రులకు చేరింది.

కానీ అమ్మా, నీ తప్పు కూడా చెప్పాలి. గీత పొడుగునా తాపీగా నడిచి, ఈ కుర్రాడి దగ్గరికి వచ్చేసరికి పరుగు పెడతావు. అప్పటికి ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షలు, ప్రామ్ డాన్సు హడావుడి, గ్రాడ్యుయేషన్ గౌన్ల కొలతలు. మన బిహార్‌లోని మోతీహారిలో పుట్టి, క్షయతో దగ్గుతూ స్కాట్లండ్‌లోని జూరా దీవిలో 1984 నవల పూర్తిచేసిన ఆర్వెల్‌కి, సారాంశం కాగితం ఒకటి మిగులుతుంది. ఆ నవల 1949లో వచ్చిన కొద్ది నెలలకే చనిపోయినవాడికి అంత తక్కువ మర్యాదా?

సిలబస్ వేసే టీచర్లూ, ఒక్క మనవి. గ్రెండల్‌కిచ్చిన రోజుల్లోంచి నాలుగు కోసి ఓవెన్‌కివ్వండి. పద్దెనిమిదేళ్లవాళ్లకి అతను ఏప్రిల్‌లోనే, తీరిగ్గా దొరకాలి.