ఈరమ్మ, వీరమ్మ

ఆదివారం పొద్దున ఏడు కాకముందే మా అరుగు మీద ఎవరో ఒకరు ప్లాస్టిక్ కవరు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంటారు. ఆదోనిలో మా ఇంటి ముందు ఇది చాలా ఏళ్లుగా జరుగుతున్నదే. కవర్లో ఉండేవి దాదాపు ఒకటే: సర్వీసు రిజిస్టరు జిరాక్సు, ఆఖరి నెల జీతం సర్టిఫికెట్, భార్యాభర్తలు కలిసి దిగిన ఫొటో, బ్యాంకు పాస్‌బుక్కు మొదటి పేజీ, ఎక్కడి నుంచో తిరిగొచ్చిన ఒక కాగితం. ఆ తిరిగొచ్చిన కాగితాన్నే నేను ముందు చదువుతాను. నేను గుమాస్తాగా పనిచేసి రిటైరైన మనిషిని. పోలీసు శాఖలో కాదు. కానీ మా నాన్న పోలీసు. అందుకే అరుగు మీదకి వచ్చేవాళ్లలో సగం మంది ఖాకీ ఇళ్ల వాళ్లు.

మా నాన్న హెడ్ కానిస్టేబులుగా రిటైరయ్యాడు. మా అమ్మ పేరు ఈరమ్మ. ఈ పక్క ఆ పేరు ఇంటికొకటి ఉంటుంది. ఉరుకుంద ఈరన్న స్వామికి మొక్కుకుని కన్న బిడ్డ మగైతే ఈరన్న, ఆడైతే ఈరమ్మ. శ్రావణమాసంలో ఆదోని బస్టాండులో నిలబడి ఈరన్నా అని కేకేస్తే పదిమంది వెనక్కి తిరుగుతారు. మా నాన్న రిజిస్టరులో కుటుంబ వివరాలు రాసిన గుమాస్తా ఈ ప్రాంతం వాడు కాదు. ఈరమ్మ అన్నది పలకడం రాక పలికిన పేరనుకున్నాడేమో, చక్కగా వీరమ్మ అని రాశాడు. ఆయన మీద నాకు కోపం లేదు. తప్పు దిద్దుతున్నాననే అనుకుని ఉంటాడు.

రేషన్ కార్డులో ఈరమ్మ, ఆధార్‌లో ఈరమ్మ, బ్యాంకులో ఈరమ్మ. పెన్షన్ పేమెంట్ ఆర్డరులో మాత్రం వీరమ్మ. నాన్న బతికున్నన్నాళ్లూ ఆ తేడాతో ఎవరికీ పని పడలేదు. ఆయన పోయాక కుటుంబ పెన్షన్‌కి కాగితాలు పెడితే, పేరు కలవడం లేదని ఒక ఆఫీసు నుంచి వాపసు వచ్చింది. సరిచేసి పంపితే ఇంకో ఆఫీసు నుంచి వచ్చింది. పద్నాలుగు నెలలు అట్లా గడిచాయి. ఒక బల్ల దగ్గర "ఈ వీరమ్మ ఎవరమ్మా?" అని అడిగితే మా అమ్మ "నేనే సామీ, నన్నే అట్ల రాసినారు" అంది. చివరికి స్టాంపు పేపరు మీద ఈరమ్మ, వీరమ్మ ఇద్దరూ ఒకరేనని రాయించి, ఆమె వేలిముద్ర వేయించి, సాక్షులతో సంతకాలు పెట్టించాం. ఆ సాయంత్రం ఇంటికొచ్చి గడప మీద కూర్చుని, "ఇన్నేండ్లు కాపురం జేస్తి గదా నాయనా, నేనే ఆయన పెండ్లామని ఒకరితో సాక్షం జెప్పించుకోవల్లనా?" అంది. ఈ అరుగు మీది పని అప్పుడు మొదలైంది.

సర్వీసు రిజిస్టరును దగ్గరగా చూసినవాళ్లు తక్కువ. మొదటి పేజీలో ఐదు వేళ్ల ముద్రలు ఉంటాయి. పుట్టిన తేదీ అంకెల్లో ఒకసారి, అక్షరాల్లో ఒకసారి. ఎత్తు. ఒంటి మీద రెండు గుర్తులు, కుడి భుజం మీద పుట్టుమచ్చ, ఎడమ మోకాలి కింద గాయం మచ్చ, అట్లాంటివి. ఇరవై రెండేళ్ల కుర్రాడి ఒళ్లు అందులో అట్లాగే ఉండిపోతుంది. తర్వాత పేజీల్లో వరసగా పోస్టు, జీతం, ఇంక్రిమెంటు, సెలవు, బదిలీ. ప్రతి వరస చివర ఒక అధికారి పొట్టి సంతకం. ఏడాదికొకసారి, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా చేసిన సర్వీసును జీతం బిల్లులతో సరిచూశామని ఒక వాక్యం రాయాలి. గుమాస్తా పని మొత్తంలో నేను అన్నిటికంటే గౌరవించే వాక్యం అది. రాయడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఒక్క ఏడు అది పడకపోతే, ఇరవై ఏళ్ల తర్వాత ఆ ఏడాది జీతం బిల్లులు ఏ బీరువాలో ఉన్నాయో, చెదలు మిగిల్చాయో లేదో వెతుక్కోవాలి.

పోలీసుల రిజిస్టర్లలో ఒక ప్రత్యేకమైన చిక్కుంది. మనిషి ఆదోనిలో ఉంటాడు, రెండేళ్లకి ఆలూరు, ఆ తర్వాత పత్తికొండ, మంత్రాలయం, ఎమ్మిగనూరు. రిజిస్టరు మాత్రం ఆయన వెంట తిరగదు. కర్నూలులో జిల్లా పోలీసు కార్యాలయంలో ఉంటుంది. ఆదోని నుంచి దగ్గరదగ్గర వంద కిలోమీటర్లు. రిజిస్టరును ఏటా ఉద్యోగికి చూపించి సంతకం తీసుకోవాలన్నది నియమం. నీలకంఠేశ్వరుడి జాతరకి బందోబస్తు, ఎన్నికలకి బందోబస్తు, మంత్రులొస్తే బందోబస్తు. వీటి మధ్య కానిస్టేబులు ఎప్పుడు వెళ్లి చూస్తాడు? పైగా ఈ ఉద్యోగంలో సస్పెన్షన్లు మామూలు. విచారణ అయ్యి, మనిషిని మళ్లీ విధుల్లోకి తీసుకున్నాక, ఆ మధ్యకాలాన్ని డ్యూటీగా లెక్కించాలా వద్దా అని వేరే ఉత్తర్వు రావాలి. ఉత్తర్వు వచ్చే ఉంటుంది. రిజిస్టరులో ఎక్కి ఉండదు. కానిస్టేబులేమో, డ్యూటీలో చేర్చుకున్నారు కాబట్టి అంతా సరిపోయిందనుకుంటాడు.

అట్లాంటి ఖాళీ విలువెంతో లెక్క కట్టి చూపిస్తాను. పాత పెన్షన్‌లో సర్వీసును ఆరేసి నెలల యూనిట్లుగా లెక్కిస్తారు. ముప్పై మూడేళ్లకి 66 యూనిట్లు. అంత సర్వీసు ఉంటే ఆఖరి మూలవేతనంలో సగం పెన్షన్. తక్కువుంటే ఆ దామాషాలో తగ్గుతుంది. మూడు నెలలు గానీ ఆపైన గానీ మిగిలితే అదీ ఒక యూనిటే. ఆఖరి మూలవేతనం 26,400 రూపాయలు, సర్వీసు 24 ఏళ్ల 4 నెలలు అనుకుందాం. 49 యూనిట్లు. అదనంగా కలిపే వెయిటేజీ వంటివి పక్కనపెడితే పెన్షన్ 9,800. ఎనిమిది నెలల సస్పెన్షన్ ఎక్కకుండా పోయిందనుకోండి. 23 ఏళ్ల 8 నెలలు మిగులుతాయి. చివరి రెండు నెలలు లెక్కకి రావు, 47 యూనిట్లే. పెన్షన్ 9,400. నెలకి నాలుగు వందలు, దాని మీద కరువు భత్యం, మనిషి ఉన్నన్నాళ్లూ. గ్రాట్యుటీ కూడా తగ్గుతుంది. రెండు నిమిషాల్లో రాయగలిగిన ఒక వరసకి ఇంత ఖరీదు.

రిటైరైనవాళ్లు నన్ను తరచుగా అడిగేది, "మా పెన్షన్ ఫండు యాడుంటుంది సార్?" అని. పాత పెన్షన్ వాళ్లకి ఫండంటూ లేదు. రాష్ట్ర ఖజానాలోంచి ఏ నెలకానెల ఇస్తారు. అకౌంటెంట్ జనరల్ కార్యాలయం లెక్క తేల్చి ఆర్డరిస్తుంది, ట్రెజరీ చెల్లిస్తుంది. మున్సిపాలిటీకి ఇందులో పాత్రే లేదు. దాని సొంత ఉద్యోగుల పెన్షన్ కాగితాల దారి వేరు, అవి స్టేట్ ఆడిట్ శాఖ చేతుల మీదుగా పోతాయి.

అయితే ఆదోని ఊరికి పోలీసు ఖర్చుతో సంబంధం ఎప్పుడూ లేదనుకోవద్దు. ఆదోని మున్సిపాలిటీ పుట్టింది 1865లో. అప్పుడు మనది బళ్లారి జిల్లా. కర్నూలులో కలిసింది 1953 అక్టోబర్ 1న, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రోజున. మద్రాసు ప్రెసిడెన్సీలో ఆ 1865లోనే వచ్చిన పట్టణాల చట్టం, పారిశుద్ధ్యంతో పాటు పోలీసుల ఖర్చు కూడా ఊరి పన్నుల్లోంచి తీయడానికి ఉద్దేశించింది. 1871 చట్టం ఆ భారాన్ని మున్సిపాలిటీల నెత్తి మీది నుంచి దించింది. ఇక పెన్షన్ ఫండు సంగతి: 1861 పోలీసు చట్టంలో 11వ సెక్షన్ పేరు సూపరాన్యుయేషన్ ఫండ్. 1874లో దాన్ని రద్దు చేశారు. చట్టం పుస్తకం తీసి చూస్తే 11 అన్న అంకె, ఆ పేరు, పక్కన రద్దు అన్న మాట కనిపిస్తాయి. పదో సెక్షన్‌కీ పన్నెండో సెక్షన్‌కీ మధ్య ఖాళీ అయిన ఇల్లులా ఉంటుంది ఆ చోటు.

ఊరే పోలీసు పెన్షన్ నిధి నడిపే పద్ధతి అమెరికాలో ఇప్పటికీ ఉంది. ఇల్లినాయ్ రాష్ట్రంలో ఐదు వేల జనాభా దాటిన ఊళ్లు సొంత పోలీసు పెన్షన్ నిధి పెట్టుకోవాలి. దాన్ని ఐదుగురి బోర్డు చూసుకుంటుంది. ఇద్దరిని మేయర్ నియమిస్తాడు, ఇద్దరిని పనిలో ఉన్న పోలీసులు ఎన్నుకుంటారు, ఒకరిని పెన్షన్ తీసుకుంటున్నవాళ్లు ఎన్నుకుంటారు. 2011 లెక్కల్లో ఆదోనిది లక్షా అరవై ఆరు వేల జనాభా, ఎమ్మిగనూరుది తొంభై ఐదు వేలు. ఆ చట్టమే మనకుంటే రెండు ఊళ్లకీ రెండు బోర్డులుండేవి.

ఆ పద్ధతి మనకి రావాలని నేను కోరుకోను. ఆదోని పత్తి మార్కెట్టు మీద బతికే ఊరు. వాన పడని ఏడు కోసిగి, కౌతాళం పల్లెలు మూటలు కట్టుకుని వలస పోతాయి. ఊళ్లో అంగడి సగం మూస్తారు. ఆ ఏడు ఇంటిపన్నే సరిగ్గా వసూలు కాదు. అట్లాంటి ఖజానా మీద ఒక ముసలి హెడ్ కానిస్టేబులు మందుల ఖర్చు ఆధారపడకూడదు. ఇల్లినాయ్‌లో కూడా చిన్న ఊళ్లు విడివిడిగా డబ్బు పెట్టుబడి పెట్టి నెట్టుకురాలేవని, ఆ పెట్టుబడులన్నీ ఒకచోట కలిపేందుకు 2020 జనవరి నుంచి చట్టం అమల్లోకి తెచ్చారు. కానీ ఆ ఐదో కుర్చీ ఉంది చూడండి, పెన్షన్ తీసుకునేవాడు కూర్చునేది, అది నాకు నచ్చింది. మా అమ్మ కాగితం తిరిగొచ్చిన ఏ ఆఫీసులోనూ అట్లాంటి కుర్చీ లేదు. ఉండి ఉంటే, ఈరమ్మ అంటే ఈ పక్క మామూలు పేరేనని చెప్పడానికి ఒక మనిషి ఉండేవాడు.

2004 సెప్టెంబర్ 1 నుంచి చేరినవాళ్ల కథ వేరు. వాళ్లకి పాత పెన్షన్ లేదు. మూలవేతనం, కరువు భత్యం కలిపి పది శాతం నెలనెలా కోసి సీపీఎస్ అనే వాటా పెన్షన్ పథకంలో వేస్తారు, ప్రభుత్వం తన వంతు కలుపుతుంది, అది ప్రాన్ అనే సొంత పెన్షన్ ఖాతా నంబరు మీద మార్కెట్లో పెరుగుతుంది. ఉద్యోగం ముగిశాక కనీసం నలభై శాతంతో, నెలనెలా డబ్బొచ్చే యాన్యుటీ కొనాలి. 1874లో రద్దయిన ఫండన్న మాట నూట ముప్పై ఏళ్లకి మళ్లీ పోలీసు జీతంలోకి వచ్చినట్టు. ఆఖరి మూలవేతనంలో సగానికి హామీ ఇస్తామని 2023లో మన శాసనసభ గ్యారంటీడ్ పెన్షన్ చట్టం చేసింది. పాత పెన్షనే కావాలన్నది ఉద్యోగ సంఘాల మాట. నేనూ అటే. ముప్పై ఏళ్లు రాత్రి గస్తీ తిరిగినవాడికి రిటైరైన నెల మార్కెట్టు ఎట్లా ఉందన్నది చింత కాకూడదు.

అదే కూడలిలో పక్కన నిలబడి ట్రాఫిక్ చూసే హోంగార్డుకి ఇవేవీ లేవు. ఆయన చేసిన డ్యూటీకి రోజు లెక్కన డబ్బులిస్తారు. ఒక హోంగార్డు మా అరుగు మీదకి వచ్చి, నాకు ఏ కాగితం రాయాలి సార్ అని అడిగాడు. రాయడానికి కాగితం లేదు. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

పోయిన ఆదివారం ఎమ్మిగనూరు నుంచి ఒక కానిస్టేబులు వచ్చాడు. నేతపని ఇంటి పిల్లవాడు. తాత, తండ్రి ఇద్దరూ 1938లో మాచాని సోమప్ప పెట్టించిన చేనేత సహకార సంఘానికి నేసినవాళ్లే. సీపీఎస్ ఏమిటో నేను చెప్పబోతుంటే, "మా నాయన త్రిఫ్టు లాంటిదే గదా సార్" అన్నాడు. నేతగాడి కూలిలో రూపాయికి ఎనిమిది పైసలు పట్టి, ప్రభుత్వాలు అంతే కలిపి జమ చేసే పథకం అది. అవును, అట్లాంటిదే అన్నాను. "మా నాయన ప్రతి పున్నానికీ పాసుబుక్కు పట్టుకోనిపోయి ఎక్కించుకొచ్చేటోడు. నేను నాది ఒగనాడూ జూడ్లేదు సార్" అన్నాడు.

ఇద్దరం అతని ఫోన్లో ప్రాన్ స్టేట్‌మెంటు తెరిచాం. జీతం స్లిప్పులు పక్కన పెట్టుకుని నెల నెలా టిక్కు కొట్టుకుంటూ వచ్చాం. అతను ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కి మారిన ఏడాది, రెండు నెలల కోత జీతంలో ఉంది, ప్రాన్‌లో జమ లేదు. తెల్లకాగితం తీసి నేను చెప్తుంటే అతనే రాశాడు: నెలలు, కోసిన మొత్తం, బిల్లు తేదీ, జతపరిచిన స్లిప్పులు రెండు. చేతిరాత గుండ్రంగా ఉంది. స్టేషన్లో రైటరు పని చేశాడట.

లేవబోతూ ఉంటే నామినీ ఎవరున్నారో చూడమన్నాను. చూశాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో రాసిన తల్లి పేరే ఉంది. ఆమె పోయి నాలుగేళ్లయింది. పెళ్లై ఇద్దరు పిల్లలు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత భార్యకి ఫోన్ చేసి ఆధార్ కార్డు ఫొటో పంపమన్నాడు. అది వచ్చాక ఫోను బండ మీద నిలబెట్టుకుని, నామినీ ఫారంలో ఆమె పేరు ఒక్కో అక్షరం కార్డులో చూస్తూ రాశాడు. ఇంటిపేరు దగ్గర ఆగి, "కార్డులో ఉండేటట్లే రాయల్లనా సార్, ఇంట్లో పిలిచేటట్లా?" అన్నాడు. కార్డులో ఉన్నట్టే, పొల్లు కూడా వదలకుండా అన్నాను.