పంజా నీడన పసివాడు

తెలుగు తెర మాట నేర్చుకున్నదే ఒక పసివాడి ప్రాణం మీదికొచ్చిన కథతో. 1932 ఫిబ్రవరి 6న విడుదలైన మన తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’. హెచ్.ఎం. రెడ్డి దర్శకుడు. మునిపల్లె సుబ్బయ్య హిరణ్యకశిపుడు, సురభి కమలాబాయి లీలావతి, మాస్టర్ కృష్ణారావు ప్రహ్లాదుడు. అదే కథను చిత్రపు నారాయణమూర్తి 1942లో ఒకసారి, 1967లో ఏవీఎం వారికి మరోసారి తీశారు. 1967 నాటి చిత్రం పేరెత్తితే చాలామందికి ముందు గుర్తొచ్చేది ఎస్వీ రంగారావు గద, ఆ తర్వాత చీలే స్తంభం. 2025లో ‘మహావతార్ నరసింహ’ యానిమేషన్ చిత్రానికి జనం విరగబడి వెళ్లిందీ ఆ స్తంభం కోసమే.

భక్తి కథగా మనకు అంత అలవాటైపోయింది కాబట్టి దీని అసలు నిర్మాణం కంటికి ఆనదు. ఇది కాపలా కథ. భాగవతం లెక్కన ఆ పిల్లవాడికి అయిదేళ్లు. కన్నతండ్రే చంపజూస్తున్నాడు. విషం పెట్టారు, ఏనుగులతో తొక్కించారు, కొండమీంచి తోశారు, నిప్పుల్లోకి నెట్టారు. కాపాడేవాడు ఉన్నాడని పిల్లవాడొక్కడికే తెలుసు, మిగతా ఎవరికీ కనబడడు. మన మసాలా సినిమా ఈ ముడిసరుకును ఎన్నో రకాలుగా వాడుకుంది. ఫాజిల్ మలయాళంలో 1986లో తీసిన కథను ఎ. కోదండరామిరెడ్డి 1987లో ‘పసివాడి ప్రాణం’గా తెచ్చినప్పుడు, తాగుడుకు బానిసైన ఒక మనిషి, హత్యను కళ్లారా చూసిన చెవిటి మూగ పిల్లవాడికి అండగా నిలిచాడు. ఆ సినిమాను ఇప్పుడు బ్రేక్ డాన్స్ కోసం తలుచుకుంటున్నారు గానీ, దాని బలమంతా ఆ పిల్లవాడిగా నటించిన బేబీ సుజిత కళ్లలో ఉంది. ఫైటు ఎంత జోరుగా సాగినా పిల్లవాడెక్కడున్నాడో ప్రేక్షకుడు మరిచిపోకూడదు. ఇలాంటి కథ చెప్పేవాడికి ఇంతకుమించిన పరీక్ష లేదు.

ఈ పరీక్షను రాతిలో నెగ్గే పద్ధతి ఒకటి నంద్యాల జిల్లాలో, ఆళ్లగడ్డలో ఉంది.

ఆళ్లగడ్డ అనగానే సినిమా వాళ్లకు తోచేది వేరు. ఇరవయ్యేళ్లపాటు వాళ్లు రాయలసీమ ఊళ్ల పేర్లను సుమోల దుమ్ముకూ వేటకొడవళ్లకూ గుర్తుగా వాడేశారు. ఆ ఊరికి భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ట్యాగు, వచ్చింది మాత్రం రాతి చెక్కడానికి. రోడ్డు పక్కన షెడ్లలో ఉలి చప్పుడు, తెల్లటి రాతిపొడి, సగం లేచిన దేవుళ్లు. ఆంజనేయుడు, వేంకటేశ్వరుడు, సాయిబాబా, ఊరి నాయకులు. అహోబిలం అక్కడికి ముప్పై కిలోమీటర్ల లోపే కాబట్టి ఆ వరుసలో నరసింహుడు తప్పకుండా ఉంటాడు.

పని రాయితో మొదలవుతుంది. జిల్లాలో బేతంచెర్ల బండ కావలసినంత ఉంది. మన ఇళ్ల గచ్చులకు అది వరం. కానీ పొరలు పొరలుగా లేచే రాయి మూర్తికి పనికిరాదు. మూర్తికి లోపలంతా ఒకే తీరుగా గట్టిపడిన రాయి కావాలి. శిల్పులు కృష్ణశిల అనే నల్లరాయిని ఇష్టపడేది అందుకే. సుత్తితో తట్టి వింటారు. గంటలా ఖంగున మోగితే పురుష శిల, మూలమూర్తికి తగినది. నాదం కాస్త మెత్తగా ఉంటే స్త్రీ శిల, దేవేరులకు. మోగనిది పీఠం అడుక్కో, మరో పనికో పోతుంది. ఈ పేర్లు శాస్త్రం పెట్టినవి. లోపల పగులుంటే శబ్దం బొంగురుపోతుందన్నది మాత్రం చెవితో పట్టే నిజం. నెలల పని సగంలో ఉండగా ఆ పగులు బయటపడితే మూర్తి భిన్నమైనట్టే. అతికించిన విగ్రహం పూజకు పనికిరాదు.

రాయి కుదిరాక జాజుతో గీతలు. నెత్తి నుంచి పాదాల నడిమికి దిగే నిలువు గీత బ్రహ్మసూత్రం. దాన్ని పట్టుకుని అడ్డగీతలు, తాళమానం లెక్కన. మూర్తి పిడికిలిలో నాలుగో వంతు ఒక అంగుళం, పన్నెండు అంగుళాలు ఒక తాళం, దాదాపు ముఖం పొడవంత. ఇక్కడే ఈ కథకు సంబంధించిన అసలు కిటుకు ఉంది. శుక్రనీతి గ్రంథం ఒక్కో తరహా మూర్తికి ఒక్కో కొలత చెప్పింది. హిరణ్యకశిపుడి లాంటి అసురులకు పదహారు తాళాలు. క్రూరంగా కనిపించాల్సిన రూపాలకు పన్నెండు, వాటిలో నరసింహుడి పేరుంది. పిల్లలకు అయిదు.

ఈ మూడు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. పదహారు ముఖాల పొడుగున్న ఒంటి మీద తల చిన్నదైపోతుంది. ఉన్నదంతా మొండెం, తొడలు, బలం. అయిదు ముఖాల పొడుగున్న పిల్లవాడిలో అయిదో వంతు ముఖమే. అంటే రాక్షసుణ్ణి చూస్తే ఒళ్లు కనబడుతుంది, పిల్లవాణ్ణి చూస్తే మొహం కనబడుతుంది. మూర్తి మొత్తంలో ప్రహ్లాదుడు ఎంత చిన్నవాడైనా చూపు వెళ్లి అతని మొహం మీద ఆగేది ఈ లెక్క వల్లే. కెమెరా దగ్గరికి జరిగి చేసే పనిని శిల్పి కొలతతో చేస్తాడు.

తర్వాత కూర్పు. హిరణ్యకశిపుడు పొందిన వరం లెక్క ప్రకారం అతని చావు నేల మీదా కాదు, ఆకాశంలోనూ కాదు. ఇంట్లోనూ కాదు, బయటా కాదు. పగలూ కాదు, రాత్రీ కాదు. ఆయుధమూ ఉండకూడదు. సంధ్యవేళను రాతిలో చెక్కలేరు. గడపను చెక్కినా సరిగా ఆనవాలు పట్టలేం. మిగిలినవి తొడ, గోరు. అందుకే విదారణ మూర్తిలో రాక్షసుడు తొడల మీద అడ్డంగా పడి ఉంటాడు, తల ఒక పక్కకు, కాళ్లు మరో పక్కకు వేలాడుతుంటాయి. రెండు చేతులు పొట్ట చీలుస్తుంటాయి, రెండు చేతులు పేగులను మాలగా ఎత్తుతుంటాయి, పై చేతుల్లో శంఖచక్రాలు. ఇంత అలజడీ అడ్డంగా పోతుంటే, పాదాల దగ్గర నిటారుగా ఒకే ఒక్క నిలువు రూపం, చేతులు జోడించిన పిల్లవాడు. ఆ నిలువు తీసేస్తే బొమ్మ కూలినట్టుంటుంది. చాలామంది దాన్ని మూలనున్న అలంకారం అనుకుంటారు. నా దృష్టిలో మూర్తి నిలబడింది దాని మీదే.

రాతి పనికి దిద్దుబాటు లేదు. మట్టిబొమ్మకు ముక్కు విరిగితే మళ్లీ పెట్టొచ్చు, రాయి పోయిందంటే పోయినట్టే. అందుకే ఎత్తున ఉన్న భాగం నుంచి లోపలికి వెళ్తారు. నాలుక, కోరలు, గోళ్లు, వేళ్ల మధ్య సందులు ఆఖరుకు ఉంచుతారు. చెయ్యి ఒంటికి దూరంగా ఉండాల్సిన చోట నడుమ సన్నటి రాతి వంతెనను వదిలి, పని చివర్లో తొలగిస్తారు. మోటుపనికి ఇప్పుడు కట్టర్లూ గ్రైండర్లూ వచ్చాయి. మంచిదే, ఊపిరితిత్తులకు ముసుగు తప్పనిసరైనా నడుములకు కొంత విశ్రాంతి దొరికింది. మొహం దగ్గరికొచ్చేసరికి మళ్లీ ఉలే. ఉలి మొన మొద్దుబారితే కొలిమిలో కాల్చి, సాగగొట్టి, నీళ్లలో ముంచి పదును పెడతారు. నల్లరాయి ఉలి దెబ్బకు బూడిదరంగు తేలుతుంది. నూరి మెరుగు పెట్టిన చోట మాత్రమే నల్లబడుతుంది. ఆ రెండు రంగులే శిల్పికి వెలుగూ నీడా. జూలును ఉలి గరుకుతోనే వదిలి, ప్రహ్లాదుడి బుగ్గను నున్నగా నూరడం అనే చిన్న నిర్ణయంతో కథ మొత్తం ఎటు మొగ్గాలో తేలిపోతుంది.

సినిమా స్తంభం దగ్గర ఊపందుకుని వధతో ముగింపుకు పరుగెత్తుతుంది. భాగవతంలో వధ తర్వాతే గొప్ప ఘట్టం వస్తుంది. రాక్షసుడు చచ్చాడు గానీ స్వామి కోపం చావలేదు. దేవతలు దూరంగా నిలబడి స్తోత్రాలు చేశారు, దగ్గరికి పోలేకపోయారు. లక్ష్మీదేవి కూడా జంకింది. చివరికి బ్రహ్మ పిల్లవాణ్ణి పొమ్మన్నాడు. ప్రహ్లాదుడు నడిచి వెళ్లి పాదాల మీద పడ్డాడు. స్వామి అతన్ని లేవనెత్తి తల మీద చెయ్యి పెట్టాడు. పేగులు తీసిన చెయ్యే అది. వరం కోరుకోమంటే పిల్లవాడు తండ్రి పాపం కడగమని అడిగాడు. రక్షణ కథలన్నిటిలోనూ ఇంత లోతైన మలుపు నాకు మరొకటి తెలియదు. కాపాడినవాడి నుంచి లోకాన్ని కాపాడింది ఆ పిల్లవాడు.

రంగస్థలం ఈ ఘట్టాన్ని సినిమాకన్నా బాగా నిలుపుకుంది. తంజావూరు దగ్గర మెలట్టూరులో తెలుగు భాగవతుల వంశాల వారు ఈనాటికీ మెలట్టూరు వెంకటరామశాస్త్రి రాసిన ‘ప్రహ్లాద చరిత్రము’ను నరసింహ జయంతి వేళ రాత్రంతా ఆడతారు. చుట్టూ తమిళం, వేదిక మీద తెలుగు. నరసింహుడి ముఖపు తొడుగును గుళ్లో పూజలో ఉంచుతారు. దాన్ని ధరించేవాడు ఉపవాసముంటాడు. ముఖం పెట్టుకున్నాక ఆవేశం ఎటు పోతుందో తెలియదని పక్కన మనుషులు పట్టుకుని నిలబడతారు. నటనలో ఆ పట్టుకోవడం ఒక భాగమైపోయింది. కోపానికి కట్టు కావాలని ప్రేక్షకుడి కళ్లముందే తెలుస్తుంది.

మళ్లీ నంద్యాల జిల్లాకు వస్తే, ఈ కథకు సొంతూరు అహోబిలమేనని పద్నాలుగో శతాబ్దంలోనే ఎర్రన తన నృసింహపురాణంతో ఖాయం చేశాడు. ఆయనను ఆదరించిన ప్రోలయ వేమారెడ్డి ఈ కొండకు మెట్లు కట్టించాడు. ఎగువన ఉగ్ర స్తంభం, జ్వాలా నరసింహుడి గుహ, ప్రహ్లాద బడి. దిగువన విజయనగర కాలపు మండపాల నడుమ ప్రహ్లాదవరదుడి ఆలయం, లక్ష్మీ సమేతుడై శాంతించిన రూపం. ఎక్కి దిగేవాళ్లు పైన ఉగ్రాన్నీ కింద శాంతాన్నీ చూస్తారు. నడుమ ఉన్న ఎనిమిది కిలోమీటర్లలో కథ మొత్తం పరుచుకుని ఉంది.

ఏటా కనుమ నాడు మొదలయ్యే పారువేటలో ఈ రెండు రూపాలూ కలిసి ప్రయాణం చేస్తాయి. జ్వాలా నరసింహుడూ ప్రహ్లాదవరదుడూ ఒకే పల్లకిలో ముప్పైకి పైగా ఊళ్లు తిరుగుతారు. సుమారు నలభై రోజుల యాత్ర. చెంచులు పల్లకి మీదికి బాణాలు వేసి సాగనంపుతారు, ఎందుకంటే చెంచులక్ష్మిని పెళ్లాడిన స్వామి వాళ్లింటి అల్లుడు. ఊరూరా తెలుపు అనే వేదికల మీద పల్లకి దిగుతుంది. ఫాల్గుణంలో జరిగే బ్రహ్మోత్సవానికి, తన పెళ్లికి, స్వామే గడప గడపకూ పిలుపు ఇస్తున్నాడని జనం నమ్మకం. ఈ తావుల్లో ఓబులేసు, ఓబులమ్మ, ఓబుల్ రెడ్డి, నరసింహులు అనే పేర్లు లేని ఊరు ఉండదు. పసిబిడ్డకు కాపుదల కావాలనుకున్న ప్రతి తల్లీ వెళ్లి తలుపు తట్టింది ఈ దేవుడి దగ్గరే.

ఇంత ఉన్నా, ఇప్పుడు షెడ్లకు వచ్చే ఆర్డర్లలో ప్రహ్లాదుడు పలచబడుతున్నాడని నాకు భయం. ఫోన్లో క్యాలెండరు బొమ్మ చూపించి ఇలాగే కావాలంటారు. ఆ బొమ్మలో కండలు, కోరలు, మంటలు. పిల్లవాడు ఉంటే ఉన్నాడు, లేకుంటే లేడు. ఉన్నా పెద్దవాడి నమూనాను కుదించి పెట్టినట్టు, మీసాల్లేని మరుగుజ్జులా. పంచతాళం కొలత తప్పితే అలాగే అవుతుంది. తప్పు శిల్పిది కాదు. బాలుడి మొహానికి పట్టే రోజులకు కూలి ఎవరూ కట్టివ్వడం లేదు. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం వారి శిల్ప కళాశాల 1960 నుంచి ఈ శాస్త్రాన్ని క్రమంగా నేర్పుతోంది. ఆళ్లగడ్డ షెడ్లలో తండ్రి పక్కన కూర్చుని నేర్చుకున్న చేతివాటం మాత్రం ఏ పాఠ్యపుస్తకంలోకీ ఎక్కలేదు. గుళ్ల కమిటీల వాళ్లు నరసింహుణ్ణి చేయించడానికి ఆళ్లగడ్డ వెళ్తే, బయానా ఇచ్చే ముందు ప్రహ్లాదుడి సంగతి మాట్లాడుకోవాలి. ఎన్ని తాళాలు, ఎక్కడ నిలబడతాడు, మొహానికి ఎన్ని రోజులు. ఆ రోజుల కూలి విడిగా రాయించి, మూర్తి కళ్లు తెరిచే రోజుకు తొందర పెట్టకుండా ఆగాలి.